గెడ్డ తెలుగు మాటేనా

హాడోలో ఒక జెరాక్స్ దుకాణం ముందు నాకు ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల ఉండేవి. చాలా ఏళ్లు అదే నా ఆఫీసు. మా దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. అక్షరాల దగ్గరికి వచ్చేసరికే అందరూ హిందీ చాటుకు తప్పుకుంటారు. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు, చర్చిలో పెద్ద. చిన్నప్పుడు రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు చదివించాడు. తోటి పిల్లలు బయట ఆడుకుంటుంటే నేను లోపల గుణింతాలతో కుస్తీ పట్టాను. అప్పట్లో ఏడ్చాను గానీ, తర్వాత ఆ గుణింతాలే నాకు అన్నం పెట్టాయి. మెయిన్‌ల్యాండ్ నుంచి తెలుగులో ఏ కాగితం వచ్చినా చదివి హిందీలో చెప్పేదాన్ని. ఇక్కడివాళ్లు చెప్పింది విని తెలుగులో రాసిపెట్టేదాన్ని. ఆఫీసులకు పెట్టే అర్జీలు టైపు చేసేదాన్ని. హాడోలో తెలుగు దీదీ అంటే నేనే. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. కొంచెం అనడం నా మర్యాద.

ఆ తర్వాత అందరి ఫోన్లలోకీ ఏఐ వచ్చింది. ఒకరోజు చేపలమ్మే ఆవిడ, నాకు పాత గిరాకీ, వచ్చి బల్ల ముందు కూర్చుంది. చేతిలో కాగితం లేదు, ఫోన్ ఉంది.

"దీదీ, ఇది సూడు. కాయితం ఫోటో తీత్తే సాలు, ఇదే సదివేత్తాది. నాను మాటాడితే ఇదే రాసేత్తాది. ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్!"

"మరి నా కాడికెందుకొచ్చినావు?"

"నీకు సూపిద్దామని."

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. "అయితే ఆ కుర్చీలో కూకోడానికి పర్మిషన్ ఉందో లేదో కూడా దాన్నే అడుగు" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి, ఒక చేపను కవర్లో చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆవిడ మనసులో ఎగతాళి లేదు. కొత్త చీర కొంటే చూపించడానికి వచ్చినట్టే వచ్చింది. అదే నాకు ఇంకా మండింది.

కొన్నాళ్లు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆయన బోటు మీద పనిచేస్తాడు. సముద్రం ఎంత రఫ్‌గా ఉన్నా బెదరని మనిషి, నేను మాట్లాడకపోయేసరికి బెదిరిపోయి తన కంచం తానే కడుక్కున్నాడు. తర్వాత నాకే నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, నా పనిలో సగం ఇతరుల గొడవలు మోయడమే. అన్నదమ్ముల భూమి తగాదాలు, అత్తాకోడళ్ల శాపనార్థాలు, అన్నీ నా నోటితోనే చదివి వినిపించాలి. ఇప్పుడు వాటన్నిటినీ ఫోన్ చదువుకుంటోంది, నా ప్రాణం హాయిగా ఉంది. గిరాకీ పోయినా కుర్చీ మిగిలింది. దుకాణం భయ్యా మంచివాడు, తీసేయలేదు. అప్పుడప్పుడూ వెళ్లి, ఫోన్లతో తంటాలు పడే ముసలివాళ్లకు ఎక్కడ నొక్కాలో చెప్పి వచ్చేదాన్ని.

నా సంగతి సరే, అసలు బెంగ నా కూతురి గురించి. డిగ్రీ అయింది. ఇదివరకు అంత చదివిన పిల్లలకు ఇక్కడ ఏదో ఒక డేటా ఎంట్రీ పనో, టూర్ ఏజెన్సీలో బుకింగులు చూసే పనో దొరికేది. ఇప్పుడు వాటికి మనిషి అక్కర్లేదంటున్నారు. దానితో చదివినవాళ్లు ఒక్కొక్కరే చెన్నైకీ బెంగుళూరుకీ వెళ్లిపోయారు. ఇది మాత్రం కదలనంది.

"నాను ఎక్కడికీ ఎల్లనమ్మా. ఇక్కడే ఏదో ఒకటి సేసుకుంటాను. అక్కడ నాకు దమ్ ఘుట్ అయిపోతాది."

ఊపిరాడదని దాని భావం. దానికి వేరే కారణం కూడా ఉంది. ఒకసారి బంధువుల పెళ్లికి విశాఖపట్నం వెళ్లాం. వానలో తడిసి వచ్చి, "నాను బారిష్‌లో భీగ్ అయిపోనాను" అంది. పెళ్లివారంతా పడీపడీ నవ్వారు. ఒకావిడ మళ్లీ అనమని బతిమాలింది కూడా. ఆ రోజు నుంచి నా కూతురు మెయిన్‌ల్యాండ్ తెలుగువాళ్లతో తెలుగులో మాట్లాడడం మానేసింది. వాళ్లు తెలుగులో అడిగితే ఇది హిందీలో జవాబిచ్చేది. ఆ నవ్విన నోళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటిదానికి తెలుగే పని తెచ్చింది. ఏదో కంపెనీవాళ్లు ఏఐకి మా దీవుల తెలుగు నేర్పుతున్నారని ఒక స్నేహితురాలు చెప్పింది. ఇక్కడి మనుషుల మాటలు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. వాటిని విని, ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లో టైపు చేయాలి. ఆ తర్వాత ఒక్కొక్క మాటా ఏ భాషదో రంగు పెట్టి చెప్పాలి. తెలుగుకు పచ్చ, హిందీకి పసుపు, ఇంగ్లీషుకు నీలం. ముందు ఒక పరీక్ష ఉంటుంది. అది పోతే ఇంకొక అవకాశం ఇస్తారు. అదీ పోతే అంతే సంగతులు. మా ఆయన అప్పటికే చెన్నైలో ఉన్న తన చెల్లెలితో మాట్లాడి పెట్టాడు. ఈ పరీక్ష తప్పితే పిల్ల అక్కడికి వెళ్లి ఏదో ఒక ఉద్యోగం వెతుక్కోవాలి. మొహం వేలాడేసుకుని అది ఒప్పుకుంది.

అసలు చిక్కేమిటంటే, దానికి తెలుగు చదవడం రాదు. అక్షరాలు గుర్తుపడుతుంది, ఒత్తు కనిపిస్తే పారిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడేలా కంప్యూటర్‌లో ఏర్పాటు ఉంది గానీ, పడింది సరైనదో కాదో చూడడానికి ఒక మనిషి కావాలి.

"అమ్మా, నాను కొడతాను, నువ్వు సదువు. టీమ్ వర్క్!" అంది.

ఇంట్లోవాళ్ల సాయం తీసుకోకూడదని నియమాల్లో ఎక్కడైనా ఉందేమోనని ఇద్దరం వెతికాం. లేదు. అలా మధ్యాహ్నాలు వంటింటి పక్కన బల్ల వేసుకుని ఇద్దరం కలిసి ఒకే ఉద్యోగానికి పరీక్ష రాయడం మొదలుపెట్టాం. కూరగాయలు తరుగుతూనే నేను రంగులు చెప్పేదాన్ని.

"చాబీ ఏ రంగమ్మా?"

"పచ్చ. తెలుగే."

"పక్కా?"

"తాతకు దగ్గులు నేర్పుతావేటే? రాయి."

చాబీ పచ్చ, ఝాడూ పచ్చ. నాకు తాళంచెవీ తెలుసు, చీపురూ తెలుసు. కానీ అవి చదువుకునే తెలుగనీ, చాబీ, ఝాడూ ఇంట్లో మాట్లాడుకునే తెలుగనీ నా నమ్మకం. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో అందరూ అన్న మాటలు హిందీ ఎందుకవుతాయి? ఆ ధీమాతో పంపించాం. తిరిగొచ్చేసరికి తెర నిండా ఎర్ర గుర్తులు. నా కూతురు చేసిన తప్పుల కంటే తెలుగు దీదీ చేసినవే ఎక్కువ. అది కంప్యూటర్ మూసేసింది. తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. నాకు భయం పట్టుకుంది. ఈసారి ప్రతి మాటకూ ఒకటే పరీక్ష పెట్టుకున్నాను. చర్చిలో చదివే తెలుగులో ఆ మాట విన్నానా లేదా? విని ఉంటే పచ్చ, లేకపోతే పసుపు. చర్చిలో చదివే తెలుగులో ఉప్మా ఉండదని మా ఆయన అన్నాడు. ఆయన్ని అక్కడి నుంచి వెళ్లమన్నాను.

ఆ విడతలోనే ఒక ముసలామె గొంతు వచ్చింది. ఎవరో తెలియదు. వయసులో ఉన్నప్పటి సంగతులు చెబుతోంది. "పొద్దున్నే గెడ్డ దాటి పనికెల్లిపోయీవోలం" అంది.

"గెడ్డ?" అని ఆగింది నా కూతురు.

"పసుపు. గడ్ఢా అంటోంది. పాపం పళ్లు లేవు, సరిగా పలకలేదు."

"గడ్ఢా మతలబ్ గొయ్యి కదా. రోజూ గొయ్యి దాటి పనికెల్లడమేటి? గోతిలో పడతారు గానీ దాటతారేటి?"

నాకూ అనుమానం వచ్చింది. చదివిన తెలుగంతా గాలించాను, దొరకలేదు. చివరికి అహం చంపుకుని ఫోన్‌లో ఏఐనే అడిగాను. అది ఎంతో మర్యాదగా, గెడ్డ అంటే గడ్డం, పురుషుల ముఖం మీద పెరిగే వెంట్రుకలు అని చెప్పింది. ముసలామె పొద్దున్నే ఎవరిదో గడ్డం దాటి పనికెళ్లిందన్నమాట! ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుకున్నాం. దీనికి నేర్పడానికి మనుషులు ఎందుకు కావలసి వచ్చారో అప్పుడు అర్థమైంది.

నవ్వు ఆగాక నా కూతురు అంది, "అమ్మా, అమ్మమ్మ కూడా గెడ్డ అంటాది కదా?"

అంటుంది. మా అమ్మ ఉండేది చౌల్దారీలో. నాన్న రిటైరయ్యాక అక్కడ కాస్త భూమి తీసుకుని ఇల్లు కట్టుకున్నారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆ ఇంటి వెనక సన్నని నీటిపాయ ఒకటి పారుతుంది. "గెడ్డ కాడ గిన్నెలు తోమి రా", "గెడ్డకి నీరొచ్చింది" అని అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. అమ్మకు హిందీ నోరు తిరగక గడ్ఢాను అలా అంటోందనుకుని ఇన్నాళ్లూ ఆటపట్టించాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా పని.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి చౌల్దారీ వెళ్లాం. గెడ్డ అంటే హిందీయా అని అడిగితే అమ్మకు కోపం వచ్చింది. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చూసినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

"గెడ్డ హిందీ ఏటే? నీ మొకం హిందీ! మా అమ్మోళ్ల ఊరి పక్కన పెద్ద గెడ్డుండీదంట. సికాకులం కాడ. ఈ దేశమొచ్చినాక ఇక్కడ నీరు పారితే దాన్నీ గెడ్డే అంది. నీకు పేరు నాను పెట్టనేదా? అలాగే."

మా అమ్మ ఇక్కడే పుట్టింది. శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు. చూడని ఊరి గెడ్డను తల్లి నోటి నుంచి తీసుకుని, తన ఇంటి వెనక పెట్టుకుని, రోజూ అందులో గిన్నెలు కడుగుతోంది. నా కూతురు ఫోన్ తీసి అమ్మమ్మనూ, ఆ నీళ్లనూ వీడియో తీసింది. ఎవరో తనను అడగడానికి వచ్చారనేసరికి అమ్మకు హుషారు పుట్టింది. ఇక ప్రతి మాటకూ తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. గిన్నెను బర్తన్ అనడం అచ్చ తెలుగేనట, వాళ్లమ్మ కూడా అనేదట. మేం వద్దన్నా వినలేదు. "మిషనుకి నా పేరు సెప్పండి" అని కూడా అంది. మా ముగ్గురిలో ఎవరి తెలుగు ఎక్కడ ఆగి హిందీ ఎక్కడ మొదలవుతుందో ముగ్గురికీ తెలియదని ఆ రోజు తేలిపోయింది. వేడివేడి అన్నంలో చేపల పులుసు కలుపుకుని తిని, సంతోషంగా తిరిగొచ్చాం.

బర్తన్ పసుపు పెట్టి, గెడ్డ పచ్చ పెట్టి పంపించాం. ఫలితం వచ్చింది. దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. గెడ్డకు మాత్రం ఎర్ర గుర్తు. ముసలామె ఆ మాటను చాలాసార్లు అంది కాబట్టి, అన్నిసార్లూ తప్పే. ఆ ఒక్క మాటతోనే పరీక్ష పోతోంది. అభ్యంతరం ఉంటే ఫోన్‌లో చెప్పుకోవచ్చని కింద రాసి ఉంది.

నా కూతురు ఫోన్ నా ముందుకు తోసింది. "నువ్వు మాటాడమ్మా. నీ తెలుగు బాగుంటాది. నాను మాటాడితే నవ్వుతారు" అంది.

నేనే మాట్లాడేదాన్ని. నిజానికి నాలుక దురద పుడుతోంది కూడా. చెప్పిన టైముకు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాం. అవతల ఒక అమ్మాయి గొంతు, చక్కని తెలుగు.

"నమస్కారమండీ. ఈ గుర్తులు పెట్టింది మీరేనా? పెట్టినవాళ్లతోనే మాట్లాడాలండీ."

నా చెయ్యి ఫోన్ దాకా వెళ్లి ఆగిపోయింది. నా కూతురు నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"జీ మేడం, మైనే హీ..." అని మొదలుపెట్టి ఆగింది. తెలుగులోకి మారి, "నానే మేడం. నానే పెట్టినాను" అంది.

"గెడ్డ అనే మాట మా పట్టికలో లేదండీ. ఆఫీసులో కూడా అడిగాను, ఎవరూ వినలేదన్నారు. హిందీ గడ్ఢానే అలా పలికారేమో?"

"మీ కాడ నేదేమో మేడం, మా కాడ ఉంది." అది అక్కడితో ఆగలేదు. "నీరు సన్నగా పారతాది కదా, నదీ కాదు, అలాటిదాన్ని మీరేటంటారు?"

"వాగు అంటామండీ."

"హాఁ, దాన్నే మేం గెడ్డంటాం. గడ్ఢాలో మనుషులు పడతారు మేడం. ఆ ముసలామె రోజూ దాటేది. గొయ్యినెవరైనా రోజూ దాటతారేటి? మా అమ్మమ్మ ఇంటెనక గెడ్డుంది. ఇప్పుడే వీడియో భేజ్‌తాను, సూడండి."

అవతల నవ్వు వినిపించింది. పెళ్లింట్లో నవ్విన నోళ్లన్నీ గుర్తొచ్చాయి. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో ఆ అమ్మాయి, "గొయ్యినెవరు దాటతారండీ, నిజమే. నాకు తట్టనే లేదు" అంది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. వీడియో వెళ్లింది. అందులో మా అమ్మ గెడ్డ ఒడ్డున నిలబడి, ఫోన్ పట్టుకున్న మనవరాలిని, "జారి పడతావే, గెడ్డలోకి దిగకు!" అని కేకలేస్తోంది. ఆ సాయంత్రానికి ఎర్ర గుర్తులన్నీ పచ్చగా మారాయి. గెడ్డను పట్టికలో చేర్చుకున్నామని కూడా రాశారు. మా ఆయన చెన్నైకి ఫోన్ చేసి, "పిల్ల రావడం లేదమ్మా" అని చెల్లెలికి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఆ కబురు చెప్పడం కోసమే అన్నాళ్లూ కాచుకుని ఉన్నట్టున్నాడు.

పని మొదలైంది. మా మాటలన్నీ నేర్చేసుకున్నాక ఆ మిషనుకు నా కూతురితో కూడా పని ఉండదు కదా అని ఒకరోజు అడిగాను. "తబ్ కీ తబ్ దేఖేంగే అమ్మా, అప్పటి సంగతి అప్పుడే సూద్దాం. అప్పటికి నాకూ ఏదో ఒకటి వచ్చి ఉంటాది కదా" అంది తేలిగ్గా. ఆ ధైర్యం నాకు ఆ వయసులో లేదు.

నెలలు గడిచాయి. ప్రతి మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని తెర మీద పడ్డ తెలుగు చదవడం నా పని. కొత్త ఉద్యోగం దొరికినంత ఆనందంగా ఉండేది. మొన్న ఒకరోజు వంట ముగించుకుని, చేతులు తుడుచుకుంటూ వెళ్లి నా కుర్చీ లాక్కున్నాను.

"ఇది సదివేసినానమ్మా. పంపేసినాను కూడా."

"నేను చూడకుండానేనా?"

"సూడు, సరిగానే ఉంది." చూశాను. సరిగానే ఉంది. ఒత్తులతో సహా.

"ఇంక నువ్వెల్లి ఆరాంగా కూకో. ఇది నాను సేసుకుంటాను" అంది తెర మీద నుంచి కళ్లు తీయకుండానే.

ఈసారి నా పని పోయింది ఫోన్ వల్ల కాదు. కోపం రావాలి కదా, ముక్కు తడిమి చూసుకున్నాను, రాలేదు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. నీళ్లు మరుగుతుంటే వెనక నుంచి దాని గొంతు వినిపించింది. కొత్తగా వచ్చినదాన్ని పైకి చదువుకుంటోంది, నెమ్మదిగా, కూడబలుక్కుని. మా నాన్న ఎదురుగా కూర్చుని నేను చదివినట్టే ఉంది. కన్నీళ్లొచ్చాయి, తుడుచుకోలేదు. ఒకచోట ఒత్తు తప్పింది. చెబుదామని గుమ్మం దాకా వెళ్లాను. అంతలో తనే ఆగి, వెనక్కి వెళ్లి, ఆ మాటను మళ్లీ సరిగ్గా చదివింది.